రుచి మొగ్గలు పది రోజులకోసారి కొత్తగా పుడతాయంటారు, మరి మూడు నెలలైనా అమ్మకు రుచి ఎందుకు రాలేదు?

ఒడిశాలోని గుణుపురం నుంచి మీరు రాసినది చదివాను. గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ పూర్తయి మూడు నెలలు దాటినా మీ అమ్మగారికి అన్నం తింటే మన్ను తిన్నట్టే ఉందంటున్నారు. రుచి మొగ్గలు పది రోజులకోసారి మారిపోతాయని మీరు చదివారు, అలాగైతే ఈపాటికి తొమ్మిది తరాలు పుట్టి ఉండాలి కదా అని అడిగారు. జింకు మాత్రలు వేయవచ్చా అన్నారు. అన్నిటికీ చివర ఒకే ఒక్క వాక్యంలో, నాన్నగారికి నాలుక పక్కన చిన్న పుండు నెలకు పైగా ఉందని, నొప్పి లేదని, గుడాఖు అనే పొగాకు ముద్ద అలవాటు ఉందని, నాలుక మీద కొత్త చర్మం వస్తుంటుంది కాబట్టి అదీ మానిపోతుందేమోనని రాశారు.

ఆ చివరి వాక్యం నుంచే మొదలుపెడతాను. మిగతా ప్రశ్నలు నాలుగు రోజులు ఆగగలవు, ఇది ఆగదు. నాన్నగారిని ఈ వారంలోనే చూపించండి.

నోటి లోపలి పొర మన ఒంట్లో చాలా వేగంగా మారే పొరల్లో ఒకటి. అడుగు వరుసలోని కణాలు విభజన చెందుతూ పైకి జరుగుతాయి, పైకి చేరినవి రాలి ఉమ్ముతో కలిసి కడుపులోకి పోతాయి. ఈ ప్రయాణం రెండు వారాల్లోపే ముగుస్తుంది. అందుకే వేడి టీ గబుక్కున తాగి నాలుక కాల్చుకున్నా, నములుతూ పొరపాటున కొరుక్కున్నా, వారం పది రోజుల్లో మచ్చ కూడా మిగలదు. అంత చురుకైన చోట ఒక పుండు నెల రోజులు నిలిచిందంటే మానడాన్ని ఏదో అడ్డుకుంటోందన్న మాట. అది విరిగిన పన్ను వాడి అంచు కావచ్చు. అలాగైతే ఆ అంచు అరగదీయగానే రెండు వారాల్లో పుండు మానాలి. మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. నోటి వ్యాధుల వైద్యంలో ఇంతకంటే ముఖ్యమైన నియమం నాకు తెలియదు. నొప్పి లేదు కదా అని ధీమాగా ఉండకండి. తొలిదశలో క్యాన్సర్ పుండు చాలామందిలో నొప్పి పెట్టదు. నాలుక పక్క అంచు దానికి అలవాటైన చోటు. పొగాకు పొడి, బెల్లం మడ్డి కలిపి చేసే గుడాఖును పళ్ళకు రుద్దుకుని నోట్లోనే ఉంచుకునేవారిని ఒడిశా సరిహద్దు ఊళ్ళలో రోజూ చూస్తుంటాను. చాలామంది దాన్ని పళ్ళపొడిలాగే భావిస్తారు, పొగాకు అలవాటు ఉందా అని అడిగితే లేదనే అంటారు. మీరు గుడాఖు అని విడిగా రాయడం మంచిదైంది.

ఇంకో మాట. నాలుక వెనక భాగంలో రెండు పక్కలా నిలువు మడతల్లాంటి గీతలు అందరికీ ఉంటాయి. జలుబు, గొంతునొప్పి వచ్చినప్పుడు అవి ఎర్రగా ఉబ్బుతాయి. అద్దంలో వాటిని చూసుకుని బెంబేలెత్తి వచ్చేవారు ఉన్నారు. రెండు పక్కలా ఒకేలా ఉంటే అవి పుట్టుకతో వచ్చినవే. ఒక పక్కనే ఉండి, అంచు పైకి లేచి, వేలితో నొక్కితే గట్టిగా తగిలితే తేడా ఉన్నట్టు. అయినా ఇంట్లో నిర్ధారణకు రావద్దు. గుణుపురం నుంచి బరంపురం వైద్య కళాశాలకో, కొరాపుట్ వైద్య కళాశాలకో, రైలెక్కి విశాఖకో, ఏది అనుకూలమైతే అక్కడికి వెళ్ళండి. కత్తి తగిలితే వ్యాధి పాకుతుందని ఎవరైనా అంటే వినకండి. మినపగింజంత ముక్క తీయడం వల్ల క్యాన్సర్ పాకదు, తీయించుకోకుండా గడిపిన నెలల్లోనే అది పాకుతుంది.

ఇక అమ్మగారి విషయం.

మీ లెక్కలో తప్పు లేదు. పది రోజులన్న మాట ఎలుకల మీద జరిగిన ప్రయోగం నుంచి వచ్చింది. 1965లో అమెరికాలో లాయిడ్ బైడ్లర్, రోనాల్డ్ స్మాల్‌మన్ అనే శాస్త్రవేత్తలు, కొత్తగా విభజన చెందే కణాల్లోకి మాత్రమే చేరే రేడియోధార్మిక పదార్థాన్ని ఎలుకలకు ఇచ్చి, ఆ గుర్తు పడిన కణాలు రుచి మొగ్గలోకి ఎప్పుడు వస్తాయో, ఎప్పుడు మాయమవుతాయో గమనించారు. సగటు ఆయుష్షు సుమారు 250 గంటలని తేల్చారు. అంటే పది రోజుల పైచిలుకు. తర్వాత వచ్చిన పరిశోధనల్లో అన్ని కణాలకూ ఒకే ఆయుష్షు లేదని తెలిసింది. ఎలుకల్లోనే తీపి, చేదు పసిగట్టే కణాలు ఎక్కువగా వారం పది రోజుల్లో మారిపోతుంటే, పులుపు పసిగట్టేవి మూడు వారాల దాకా ఉంటున్నాయి. మనుషుల్లో ఇలా గుర్తు పెట్టి లెక్కించడం కుదరదు కాబట్టి, పది రోజుల నుంచి కొన్ని వారాలని అనుకోవడం భద్రం.

ముందు ఆ మొగ్గలు ఎక్కడుంటాయో చూద్దాం. నేరేడు పండ్ల కాలంలో ఒక గుప్పెడు తిని అద్దం ముందు నిలబడి నాలుక చాపండి. నాలుకంతా ఊదారంగు పట్టి, మధ్య మధ్య రంగు అంతగా అంటని లేత గులాబి చుక్కలు, ముఖ్యంగా కొస దగ్గర, కనిపిస్తాయి. ఆ గుండ్రని చుక్కలే పుట్టగొడుగు ఆకారపు బుడిపెలు. ఒక్కొక్క దాని పైభాగంలో కొన్ని రుచి మొగ్గలు ఉంటాయి. చుట్టూ ఊదారంగు పట్టిన సన్నని నూగులో రుచి మొగ్గలే లేవు. అది ఆహారాన్ని పట్టి ఉంచడానికి, రుద్దడానికి ఉన్న గరుకుదనం మాత్రమే. జ్వరం వచ్చి నాలుగు రోజులు సరిగా తినకపోతే నాలుక మీద పేరుకునే తెల్లని పాచి ఈ నూగుదే. నమలడం తగ్గేసరికి రాలవలసిన కణాలు రాలక నిలిచిపోతాయి. వేపపుల్ల చీల్చి నాలుక గీసుకుంటే పోయేది అదే, రుచి మొగ్గలకు దాని వల్ల నష్టం లేదు. నాలుక వెనక, గొంతుకు దగ్గరగా, ఎనిమిది నుంచి పన్నెండు పెద్ద బుడిపెలు బాణం మొన ఆకారంలో వరుసగా ఉంటాయి. ఒక్కొక్క దాని చుట్టూ ఒక కందకం, ఆ కందకం గోడల నిండా రుచి మొగ్గలు. పక్క అంచుల మడతల్లోనూ, మెత్తని అంగిట్లోనూ కూడా కొన్ని ఉంటాయి. తీపి కొసన, చేదు వెనకన అని బడి పుస్తకాల్లో వేసిన పటాన్ని మరచిపోండి. 1901లో ఒక జర్మన్ పరిశోధకుడు కొలిచిన చిన్నపాటి తేడాలను తర్వాతి వారు పెద్దవి చేసి చూపడం వల్ల వచ్చిన చిక్కు అది. 1974లో వర్జీనియా కాలింగ్స్ మళ్ళీ కొలిచి, తేడాలు ఉన్నా అవి చాలా స్వల్పమని చూపారు. అమ్మగారిని పరీక్షించేటప్పుడు ఉప్పునీటి చుక్క నాలుక మీద ఎక్కడ వేసినా ఫరవాలేదు.

ఒక మొగ్గలో యాభై నుంచి వంద దాకా కణాలుంటాయి. వాటిలో దాదాపు సగం ఇతర కణాలకు సహాయకులు. కొన్ని తీపిని, చేదును, మాంసపు రసంలోనూ ఎండు చేపల్లోనూ ఉండే ఉమామి రుచిని పసిగడతాయి. ఇంకొన్ని పులుపును. ఒక తీపి కణం తీపికే, ఒక చేదు కణం చేదుకే. అడుగున ఇంకా పెరిగి పెద్దవ్వాల్సిన పసి కణాలుంటాయి. ఈ పసి కణాలకు తల్లులైన మూలకణాలు మొగ్గ లోపల ఉండవు. మొగ్గ పక్కన, అడుగు పొరలో ఉంటాయి. మీ ప్రశ్నకు జవాబంతా ఈ ఒక్క చోటే ఉంది.

మూలకణం విభజన చెంది పిల్లకణాన్ని మొగ్గలోకి పంపుతుంది. లోపల ముసలివైన కణాలు చనిపోతుంటాయి. రాకపోకలు సరిసమానంగా ఉన్నంత కాలం మొగ్గ నిండుగా ఉంటుంది, మనకు ఏ మార్పూ తెలియదు. మూలకణాల సత్తా ఎంతటిదంటే, 2014లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రంలో ఎలుక నాలుక నుంచి తీసిన ఒక్క మూలకణం నుంచి గాజు పాత్రలో రుచి కణాలను పెంచగలిగారు. రేడియేషన్ దెబ్బ తీసేది సరిగ్గా వీటినే. ఎడతెగక విభజన చెందే కణాల మీదే రేడియేషన్ ప్రభావం ఎక్కువ. క్యాన్సర్ కణాల మీద పనిచేసేది అందుకే, దారిలో ఉన్న మూలకణాలకు దెబ్బ తగిలేదీ అందుకే. 2012లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లిండా బార్లో బృందం ఎలుకల మీద దీన్ని విడమరిచి చూపింది. రేడియేషన్ ఇచ్చిన వెంటనే మొగ్గలోని కణాలు చావలేదు. అవి తమ ఆయుష్షు ప్రకారమే బతికి, ఆయుష్షు తీరాక పోయాయి. ఈలోగా మూలకణాలు విభజన ఆపేయడంతో పోయిన వాటి చోట కొత్తవి రాలేదు. పొలంలో పైరు బాగానే ఉంది, కానీ నారుమడి ఎండిపోయింది. కోత అయ్యాక నాటడానికి నారు లేదు.

ఇప్పుడు అమ్మగారి చికిత్స రోజులు గుర్తుచేసుకోండి. మొదటి వారమంతా ఆవిడ మామూలుగానే తిని ఉంటారు. రెండో వారం చివర్లోనో మూడో వారంలోనో నోరు చప్పబడి ఉంటుంది. చాలామందిలో ఇలాగే జరుగుతుంది. ఆ రెండు వారాల ఆలస్యం పాత కణాల ఆయుష్షే. ఆ తర్వాత కూడా చికిత్స ఆగదు. గొంతుకు ఇచ్చే రేడియేషన్ సాధారణంగా ఆరేడు వారాలు, వారానికి ఐదు రోజుల చొప్పున సాగుతుంది. కోలుకోబోతున్న మూలకణాలకు మళ్ళీ మర్నాడు దెబ్బ తగులుతుంది. చికిత్స ముగిశాక మిగిలిన కాసిని మూలకణాలు ముందు తమ సంఖ్యను పెంచుకోవాలి, ఆ తర్వాతే మొగ్గలకు కణాలను పంపగలవు. అందుకే పది రోజుల లెక్క ఇక్కడ పనిచేయదు. అది నిండుగా ఉన్న వ్యవస్థ తన్ను తాను నిలుపుకునే వేగం, ఖాళీ అయిన వ్యవస్థ మళ్ళీ నిండే వేగం వేరు. ఎక్కువమందికి రెండు మూడు నెలల నుంచి మెల్లగా మొదలై, ఆరు నెలలకు చాలా వరకు, ఏడాదికి ఇంకా మెరుగ్గా రుచి తిరిగి వస్తుంది. కొందరికి పూర్తిగా పాత స్థితికి రాదు, ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి. మూడు నెలలకు మన్ను తిన్నట్టుందంటే ఆశ వదులుకోవలసిన దశ కానే కాదు.

రుచి పోయినప్పుడు, అది ఎంత కాలానికి తిరిగి వస్తోందన్నదే దెబ్బ ఎక్కడ తగిలిందో చెబుతుంది. నా దగ్గరకు వచ్చేవారితో మొదట మాట్లాడేది ఈ కాలం గురించే. దీనికి మన కొండల్లోనే ఒక చక్కని ఉదాహరణ దొరుకుతుంది. పొడపత్రి ఆకు ఒకటి రెండు బాగా నమిలి ఉమ్మేసి చిటికెడు పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక రవ్వల్లా తగులుతుంది, తీపి ఊసే ఉండదు. ఉప్పు మాత్రం ఉప్పగానే ఉంటుంది. ఆ ఆకులోని పదార్థం తీపి కణం పైన పంచదారను పట్టే గ్రాహకానికి అతుక్కుంటుంది. కణం బతికే ఉంది, కానీ పంచదారను గుర్తించలేకపోతోంది. అరగంట నుంచి గంటలో అది విడిపోయి తీపి తిరిగి వస్తుంది. అంటే గంటలో తిరిగొచ్చేది అడ్డంకి, వారం రెండు వారాల్లో వచ్చేది పైపొర గాయం, నెలల్లో వచ్చేది మూలకణాల నష్టం. దీన్ని అమ్మగారి మీద ప్రయోగించకండి, మీరు చేసి చూడండి, ఆవిడ బాధ ఏమిటో ఒక్క గంట అనుభవంలోకి వస్తుంది. మధుమేహానికి మందులు వాడుతుంటే మాత్రం ఆ ఆకు జోలికి వెళ్ళవద్దు.

నాడి దెబ్బ తింటే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఇది చిత్రమైన సంగతి. నాలుకకు ఏ గాయమూ చేయకుండా రుచి నాడిని మాత్రం తెంచినా రుచి మొగ్గలు కుంచించుకుపోతాయని, చాలావరకు మాయమైపోతాయని, నాడి మళ్ళీ పెరిగి వచ్చి తాకితే మొగ్గలూ తిరిగి మొలుస్తాయని పందొమ్మిదో శతాబ్దంలోనే గమనించారు. నాడి మెదడుకు వార్త మోసుకుపోవడమే కాదు, మొగ్గను బతికించే రసాయన సంకేతాలను కూడా పంపుతుంది. అలాంటి సంకేతాల్లో ఒకటైన సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీను ప్రభావాన్ని అడ్డుకునే మందులను కొన్ని చర్మ క్యాన్సర్లకు వాడతారు. వాటిని వేసుకునేవారిలో చాలామందికి రుచి పోతుంది, ఆపితే మెల్లగా తిరిగి వస్తుంది. నాలుక ముందు భాగానికి రుచిని అందించే నాడి మధ్యచెవి గుండా పోతుంది. అందుకే చెవి ఆపరేషన్ తర్వాత నాలుక ఒక పక్క మొద్దుబారిందనో, ఏదో లోహపు రుచి వస్తోందనో అనేవారు ఉంటారు. మూతి వంకర పోయిన పక్షవాతంలోనూ ఒక పక్క రుచి తగ్గుతుంది. అమ్మగారికి ఆపరేషన్ జరగలేదని రాశారు కాబట్టి నాడి మీద నాకు పెద్దగా అనుమానం లేదు.

ఇక్కడ నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. రుచి కణాలు మారిపోతాయి, నాడి కణాలు మారవు. చేదు కణం పోయి దాని చోట కొత్త చేదు కణం పుడితే, అది పాత చేదు నాడినే వెతికి పట్టుకోవాలి. తీపి నాడిని పట్టుకుంటే కాకరకాయ లడ్డూలా ఉంటుంది. 2017లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ జూకర్ బృందం దీని గుట్టు విప్పింది. చేదు కణాలు, తీపి కణాలు సెమాఫోరిన్ అనే కుటుంబానికి చెందిన వేర్వేరు ప్రొటీన్లను వెలువరిస్తాయి, తగిన నాడి ఆ సంకేతాన్ని బట్టి వచ్చి కలుస్తుంది. ఎలుకల్లో ఆ సంకేతాలను తారుమారు చేస్తే నాడులు తప్పు కణాలతో కలిశాయి. రేడియేషన్ తర్వాత కోలుకునే రోజుల్లో కొందరికి అన్నీ చేదుగానో, తీపి వెగటుగానో అనిపిస్తుంది. ఇలాంటి వికృత రుచి చాలావరకు కోలుకుంటున్న దశలో వచ్చి పోయేదే. అమ్మగారు నిన్న చప్పగా ఉందన్నది ఇవాళ చేదుగా ఉందంటే కంగారు పడకండి.

ఇప్పుడు చేయవలసినవి. మొదట ఇంట్లోనే చిన్న పరీక్ష చేయండి. నాలుగు గిన్నెల్లో ఉప్పునీళ్ళు, పంచదార నీళ్ళు, పలచని చింతపండు రసం, పాలు పంచదార లేని కాఫీ డికాషన్ తీసుకోండి. నోట్లో పుండ్లు ఉంటే చింతపండు మానేయండి. ఆవిడ కళ్ళు, ముక్కు మూసుకుంటే ఒక్కొక్కటి చెంచాతో ఇచ్చి, మధ్యలో నీళ్ళు పుక్కిలించమని, ఏదో చెప్పమనండి. ఆ తర్వాత ముక్కు వదిలి, వేయించిన జీలకర్ర, వాము, కాఫీ పొడి వాసన చూపించండి. మనం రుచి అనుకునే దానిలో పెద్ద భాగం నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి వెళ్ళే వాసనే. కోవిడ్ రోజుల్లో రుచి పోయిందన్నవారిలో ఎందరికో పోయింది వాసనే. నాలుగు గిన్నెలనూ సరిగ్గా గుర్తించి వాసనలు మాత్రం తెలియలేదంటే ఇబ్బంది ముక్కుది, దారి వేరు. ఉప్పు, తీపి కూడా తెలియకపోతే నాలుకదే.

తర్వాత లాలాజలం. దీనికి అందరూ చాలా తక్కువ విలువ ఇస్తారు. పంచదార పలుకైనా, ఉప్పు కల్లైనా ముందు కరగాలి, కరిగి మొగ్గ పైనున్న సన్నని రంధ్రం గుండా కణాన్ని తాకాలి. ఎండిన నాలుక మీద మంచి రుచి మొగ్గ ఉన్నా పని చేయదు. రేడియేషన్ చెవి ముందూ దవడ కిందా ఉండే లాలాజల గ్రంథులను కూడా దెబ్బతీస్తుంది, అవి రుచి మొగ్గల కంటే నెమ్మదిగా కోలుకుంటాయి. అందుకే మొగ్గలు మొలిచినా రుచి రానట్టే ఉంటుంది. ఆవిడను అస్తమానం ఒక్కో గుక్క నీళ్ళు తాగుతుండమనండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి ఉంచుకుని తినే ముందూ తర్వాతా పుక్కిలించమనండి. మంట పుట్టించే, ఆల్కహాలు ఉన్న పుక్కిలింత మందులు వద్దు. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మందు ఎవరైనా రాసి ఉంటే అది కూడా ఉప్పు, చేదు రుచులను మందగింపజేస్తుందని తెలుసుకోండి, ఇంకా అవసరమో లేదో రాసినవారినే అడగండి.

నోరు తెరిపించి టార్చి వేసి చూడండి. బుగ్గల లోపల, అంగిట్లో, నాలుక మీద పెరుగు తరకల్లాంటి తెల్ల మచ్చలు ఉండి, తుడిస్తే కింద ఎర్రగా కనిపిస్తే అది శిలీంధ్రం, అంటే ఫంగస్. నోరు ఎండినవారికి ఇది చాలా తరచుగా వస్తుంది, రుచిని పాడు చేస్తుంది, మంట పెడుతుంది. కొన్నిసార్లు తెల్ల మచ్చలు లేకుండా ఎర్రగా నున్నగా కూడా ఉంటుంది. దీనికి మంచి మందులున్నాయి, వారం రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. రేడియేషన్ తర్వాత రుచి లేదంటూ వచ్చేవారిలో నేను మొదట వెతికేది దీన్నే. నాలుక నున్నగా, ఎర్రగా మెరుస్తూ ఉంటే రక్తంలో ఐరన్, బి12 కూడా చూపించండి. మెడకు రేడియేషన్ తీసుకున్నవారిలో థైరాయిడ్ మందగించడం మామూలే, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి టీఎస్‌హెచ్ అనే రక్త పరీక్ష చేయించాలి. థైరాయిడ్ మందగించినా నోటికి హితవు ఉండదు, ఆకలి ఉండదు. ఆవిడ వాడుతున్న మందుల చీటీ ఒకసారి డాక్టరుకు చూపించండి. మెట్రోనిడజోల్, కొన్ని రక్తపోటు మాత్రలు, తామరకు వాడే టెర్బినఫిన్ వంటివి రుచిని చెడగొట్టగలవు.

పళ్ళ గురించి ఒక గట్టి హెచ్చరిక. రేడియేషన్ తగిలిన దవడలో పన్ను పీకించడం ప్రమాదం, ఎముక మానక కుళ్ళే అవకాశం ఉంది. ఏళ్ళు గడిచినా ఆ ప్రమాదం పోదు. పన్ను నొప్పి వస్తే వీధి చివర క్లినిక్కులో పీకించేయకండి. ముందుగా రేడియేషన్ కాగితాలు చూపించి, చికిత్స చేసినవారితో మాట్లాడించండి.

జింకు విషయం. జింకు లోపం ఉంటే రుచి తగ్గుతుందన్నది నిజం. లోపం ఉన్నవారికి ఇస్తే మేలు చేయవచ్చు. కానీ రేడియేషన్ తీసుకునేవారికి రుచి పోకుండా జింకు ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఒకటి 2007లో అమెరికాలో ప్రచురితమైంది, మందు లేని ఉత్త మాత్ర కంటే అదనపు లాభం కనిపించలేదు. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత, నరాల ఇబ్బంది వస్తాయి. డాక్టరు లోపం ఉందని చెబితే చెప్పినన్నాళ్ళు వేయండి, దుకాణంలో కొని మీ అంతట మీరు వేయవద్దు. నాలుకకు తేనె, మిరియాల పొడి రాయమని ఎవరైనా సలహా ఇస్తే అసలు వద్దు. రేడియేషన్ తగిలిన పొర పలచగా ఉంటుంది, మిరియం దాన్ని పుండు చేస్తుంది, తేనె ఎండిన నోట్లో పళ్ళను పుచ్చబెడుతుంది.

అమ్మగారికి వయసు అరవై దాటింది కాబట్టి ఇంతేనేమో అని కూడా అనుకోకండి. వయసుతో వాసన శక్తి బాగా తగ్గుతుంది, రుచి కొంత మందగిస్తుంది, కానీ మూలకణాలు ఆ వయసులోనూ పని చేస్తూనే ఉంటాయి.

తిండి విషయంలో ఆకలి కోసం, రుచి కోసం ఎదురుచూడకుండా గడియారం చూసి పెట్టండి. రోజుకు ఐదారు సార్లు కొంచెం కొంచెంగా. వేడివేడిగా కాకుండా గోరువెచ్చగానో చల్లగానో ఇస్తే వెగటు తక్కువగా ఉంటుంది. మీ ప్రాంతంలో అందరిళ్ళలో చేసే పఖాళ, మన చద్దన్నం లాంటిదే, పెరుగు కలిపి మెత్తగా పిసికితే ఎండిన నోటికి దానంత సుఖంగా దిగేది ఇంకొకటి లేదు. ముందు రోజు ఉదయం నుంచి పులిసింది కాకుండా రాత్రి నానబెట్టినది వాడండి, పులుపు ఎక్కువైతే పళ్ళకూ పుండ్లకూ మంచిది కాదు. చోడి అంబలి పలచగా మజ్జిగతో ఇవ్వవచ్చు. ఉప్పు, తీపి తెలియని నోటికి ఉమామి కొన్నిసార్లు ముందుగా అందుతుంది. ఎండు నెత్తళ్ళను కడిగి ఉప్పు తీసి, వేయించి పొడి చేసి పప్పులో చిటికెడు వేయండి, లేదా వానాకాలంలో సంతకు వచ్చే, తెలిసినవారు గుర్తించిన పుట్టగొడుగులు మెత్తగా ఉడికించండి. శాకాహారులైతే బాగా పండిన టమాటా ఉడికించి వడగట్టిన చారు, పులుపు తగ్గించి. ఏది వెగటుగా అనిపిస్తే దాన్ని ఒక నెల పక్కన పెట్టి మళ్ళీ ఇచ్చి చూడండి, ఈ దశలో ఇష్టాలు నెల నెలా మారుతుంటాయి. లోహపు రుచి వస్తోందంటే స్టీలు చెంచా మాని చేత్తోనో కొయ్య చెంచాతోనో తిననివ్వండి.

వారానికోసారి ఒకే తక్కెడ మీద, ఒకే వేళకు బరువు చూసి కాగితం మీద రాయండి. పక్కనే ఆ వారం నాలుగు గిన్నెల పరీక్షలో ఏవి గుర్తించారో రాయండి. చికిత్స చేసిన చోటికి వెళ్ళినప్పుడు ఈ కాగితం మీ మాటల కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. నెలలో రెండు కిలోలకు మించి తగ్గితే, మింగేటప్పుడు దగ్గు వస్తే, మెడలో కొత్త గడ్డ తగిలితే, గొంతు మళ్ళీ బొంగురుపోతే, తర్వాతి తేదీ దాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్ళండి.